అలైడ్ హెల్త్ డిగ్రీ సీటుకు దరఖాస్తు: ఫారం కంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

ఇంటర్ బైపీసీ అయింది, ఎంబీబీఎస్ సీటు తెచ్చే ర్యాంకు రాలేదు. అప్పుడు ఇంట్లో వినిపించే మాట ఒకటుంది: "ఏదో ఒక పారామెడికల్ చేయించేద్దాం." చిక్కంతా ఆ 'ఏదో ఒక' దగ్గరే ఉంది. దరఖాస్తులో ముందు అడిగేది పేరు, మార్కులు, కులం, స్థానికత. ఏ కోర్సు కావాలన్న ప్రశ్న చివర్లో, వెబ్ ఆప్షన్లప్పుడు (కావాల్సిన కోర్సు, కాలేజీలను ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టేటప్పుడు) వస్తుంది. వాటికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. అప్పుడు ఆలోచించడం మొదలుపెడితే పక్కింటి అమ్మాయి పెట్టిన ఆర్డరే మనమూ పెట్టేస్తాం. అందుకే నేను ఈ విధానాన్ని వెనక నుంచి చెబుతాను. ముందు కోర్సు, తర్వాత కాగితాలు, ఫారం ఆ తర్వాతే.

కోర్సు ఏది?

2021లో పార్లమెంటు ఈ పారామెడికల్ వృత్తుల కోసం, అంటే అలైడ్ హెల్త్ వృత్తుల కోసం, ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది, దాని కింద జాతీయ కమిషన్ ఏర్పాటైంది. ల్యాబ్, అనస్థీషియా, ఆపరేషన్ థియేటర్, ఫిజియోథెరపీ, పోషకాహారం, కంటి పరీక్ష, ఆక్యుపేషనల్ థెరపీ, రేడియాలజీ, డయాలసిస్, గుండెకు సంబంధించిన టెక్నాలజీలు, ఆసుపత్రి రికార్డుల నిర్వహణ, ఇలాంటివన్నీ 10 విభాగాల కింద వస్తాయి. నర్సింగ్, ఫార్మసీ వీటిలోకి రావు. వాటికి వేరే కౌన్సిళ్లున్నాయి, అడ్మిషన్ దారీ వేరే.

పేర్లు చూసి ఎంచుకోకండి. పని చూసి ఎంచుకోండి. తెలిసినవాళ్లు ఎవరైనా ఆసుపత్రి ల్యాబ్‌లో ఉంటే ఒక ఉదయం అక్కడ నిలబడి చూడండి. సీబీపీకి (రక్తకణాల పరీక్షకు) ఊదారంగు మూత ట్యూబు, షుగర్‌కి బూడిదరంగు మూత ట్యూబు. రక్తం తీశాక ట్యూబును ఊపకూడదు, మెల్లగా తిరగేస్తూ కలపాలి. గట్టిగా ఊపితే రక్తకణాలు పగిలి రిపోర్టు చెడుతుంది. ఊదా ట్యూబులోని రక్తం ఇంకో ట్యూబులోకి కొంచెం ఒంపినా చాలు, అందులో ఉండే రసాయనం వల్ల పొటాషియం లేనిపోని ఎత్తుకు వెళ్లి కనిపిస్తుంది. అది చూసి డాక్టరు కంగారుపడి మందు మొదలుపెట్టవచ్చు. రోజుకు వందల ట్యూబుల మధ్య ఈ జాగ్రత్త తప్పకుండా ఉండగలిగే స్వభావం ఉన్నవాళ్లకు ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) బాగా నప్పుతుంది. మనుషులతో మాట్లాడుతూ ఉండకపోతే తోచనివాళ్లకు అది విసుగు పుట్టిస్తుంది.

డయాలసిస్ దీనికి పూర్తిగా ఎదురు. ఒక్కో రోగి దాదాపు 4 గంటలు మంచం మీద ఉంటారు, వారానికి రెండు మూడుసార్లు వస్తారు, అలా ఏళ్ల తరబడి వస్తూనే ఉంటారు. వాళ్లింట్లో పెళ్లి ఎప్పుడో కూడా టెక్నీషియన్‌కు తెలిసిపోతుంది. ఒకరోజు ఆ మంచం ఖాళీగా కనిపిస్తుంది, దాన్నీ తట్టుకోవాలి. రేడియాలజీలో రేడియేషన్ ఎంత తగిలిందో లెక్కించే చిన్న బ్యాడ్జి పెట్టుకుని పనిచేయాలి, రూల్స్ పక్కాగా పాటించాలి. ఫిజియోథెరపీలో శరీర శ్రమ ఎక్కువ. అయితే సొంతంగా క్లినిక్ పెట్టుకునే వీలు బాగా ఉన్నది దీనికే.

ఊరి సంగతి కూడా ఆలోచించాలి. గుండె ఆపరేషన్ సమయంలో హార్ట్ లంగ్ మెషీన్ నడిపే పర్‌ఫ్యూజన్ టెక్నాలజీ చదివితే, ఓపెన్ హార్ట్ సర్జరీలు జరిగే ఆసుపత్రులున్న నగరాల్లోనే ఉద్యోగం. జిల్లా కేంద్రంలో అమ్మానాన్నల దగ్గరే ఉండాలనుకునేవాళ్లకు ల్యాబ్, ఎక్స్‌రే, డయాలసిస్ మేలు.

కోర్సు తేలాక కాలేజీ. ఇక్కడ నేను అడిగేది ఒకటే ప్రశ్న: క్లాసు అయ్యాక పిల్లలు ఏ ఆసుపత్రిలో నేర్చుకుంటారు? క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాలను పరీక్షించి స్టెంట్లు వేసే గది) లేని చోట కార్డియాక్ టెక్నాలజీ చదవడం చెరువు లేని చోట ఈత నేర్చుకున్నట్టే. బిల్డింగు, బస్సులు తర్వాత చూసుకోవచ్చు. చాలా బీఎస్సీ కోర్సులు 3 ఏళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్‌గా ఉంటాయి. ఆ ఏడాది గడిచేది ఆసుపత్రిలోనే. ఇంకో మాట, ఈ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ 2025లో స్పష్టంగా చెప్పేసింది. 'ఇంట్లో ఉండే డిగ్రీ' అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

ఎక్కడ దరఖాస్తు చేయాలి?

ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్లు ఇస్తాయి. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ సొంత నోటిఫికేషన్లతో సీట్లు నింపుకుంటాయి, కాబట్టి వాటికి విడిగా దరఖాస్తు పెట్టాలి. ఢిల్లీ ఎయిమ్స్ పారామెడికల్ కోర్సులకు వేరే ప్రవేశపరీక్ష జరుపుతుంది. పుదుచ్చేరి జిప్‌మర్ నీట్ స్కోరు చూస్తుంది. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) మీద మనసున్నవాళ్లు, దానికీ నీట్ స్కోరు అడగొచ్చు కాబట్టి, ఎంబీబీఎస్ ఆశ లేకపోయినా నీట్‌కు ఫారం నింపి ఉంచుకోవడం మంచిది. బీపీటీ నోటిఫికేషన్ వచ్చే వేళకు నీట్ దరఖాస్తు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

నోటిఫికేషన్‌లో అర్హత పేరాను రెండుసార్లు చదవండి. సాధారణంగా బైపీసీ పాసై ఉండాలి, ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఒకేషనల్ చదివినవాళ్లయితే బ్రిడ్జి కోర్సు మెమో చేతిలో ఉందో లేదో చూసుకోవాలి.

కాగితాలు

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, ఫొటో, సంతకం, వీటిని తేవడం పెద్ద పనేమీ కాదు. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ల కోటా) కింద అడిగేవాళ్లు ఆ ఆర్థిక సంవత్సరానికి కొత్తగా తీసుకున్న పత్రం పెట్టాలి, నిరుటిది చెల్లదు.

టెన్షన్ పెట్టేవి స్టడీ సర్టిఫికెట్లు. 6వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడేళ్లవీ కావాలి. ఎందుకిన్ని అంటే, స్థానికత లెక్క 371డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నడుస్తుంది. అర్హత పరీక్ష (ఇంటర్) రాసిన ఏడాదితో కలిపి వరుసగా 4 ఏళ్లు ఎక్కడ చదివారో చూస్తారు, అది కుదరకపోతే మొత్తం 7 ఏళ్లలో ఎక్కువ కాలం ఎక్కడున్నారో చూస్తారు. మధ్యలో రాష్ట్రం దాటి చదివినవాళ్లకు ఈ లెక్కే సీటును అటూ ఇటూ చేసేస్తుంది.

మా అక్క కూతురు 7వ తరగతి చదివిన ప్రైవేటు స్కూలు తర్వాత మూతపడింది. ఆ ఒక్క ఏడాది కాగితం కోసం ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు చుట్టూ వారం రోజులు తిరిగాం. చివరికి ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొట్టి అక్షరాల్లో ఒకలా, మెమోలో పూర్తిగా ఇంకోలా. మళ్లీ తిరిగాం. అందుకే ఇంటర్ పరీక్షలు అయిన మర్నాడే ఈ పని మొదలుపెట్టమంటాను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్నీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి.

ఫారం, మెరిట్ జాబితా

రిజిస్ట్రేషన్‌లో మీ సొంత మొబైల్ నంబరు, ఈమెయిలే ఇవ్వండి. నెట్ సెంటర్ కుర్రాడి నంబరు ఇచ్చి, ఓటీపీ కోసం అర్ధరాత్రి అతనికి ఫోన్ చేసినవాళ్లు నాకు తెలుసు. స్కాన్లు చెప్పిన సైజులో, అక్షరాలు చదవగలిగేలా ఉండాలి. ఫీజు కట్టాక డబ్బు కట్ అయి రసీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టకండి, పేజీ మళ్లీ తెరిచి స్టేటస్ చూడండి. సబ్మిట్ అయ్యాక ప్రింటు తీసుకోండి.

తర్వాత తాత్కాలిక మెరిట్ జాబితా వస్తుంది. ర్యాంకు ఒక్కటి చూసి మూసేయకండి. మీ పేరుకు ఎదురుగా కేటగిరీ, స్థానికత సరిగ్గా పడ్డాయా లేదా అన్నది అసలు చూడాల్సింది. తప్పుంటే అభ్యంతరం చెప్పుకోవడానికి ఇచ్చే గడువు చాలా చిన్నది. తుది జాబితా వచ్చాక దాన్ని మార్చడం దాదాపు జరగని పని.

వెబ్ ఆప్షన్లు

కంప్యూటరు ర్యాంకు వరుసలో ఒక్కొక్కరిని తీసుకుని, వాళ్ల జాబితాలో పైనుంచి కిందికి చూస్తూ, ఖాళీగా దొరికిన మొదటి సీటు ఇస్తుంది. అంటే రాదనుకున్న కాలేజీని మొదట పెడితే నష్టమేమీ లేదు, అది రాకపోతే రెండోది చూస్తుంది, అంతే. 'వచ్చే' కాలేజీని భయంతో పైన పెట్టడమే నష్టం. అది దొరికిన క్షణంలో కిందివన్నీ పోతాయి, వాటిలో మీకు ఎక్కువ ఇష్టమైనది ఉన్నా సరే.

చేరను అని ఖాయంగా తెలిసిన ఆప్షన్ మాత్రం అస్సలు పెట్టకండి. సీటు వచ్చి చేరకపోతే తర్వాతి విడతలకు అనర్హత అన్న షరతు ఉండొచ్చు, నోటిఫికేషన్‌లో ఆ లైను వెతకండి. తర్వాతి విడతలో పై ఆప్షన్‌కు మారితే మునుపటి సీటు వెంటనే వేరేవాళ్లకు వెళ్లిపోతుంది, వెనక్కి రావడం కుదరదు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరాలనుకునేవాళ్లు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని తెలుసుకునే చేరాలి.

సీటు వచ్చాక విశ్వవిద్యాలయం ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి అలాట్‌మెంట్ లెటర్ దించుకుని, చెప్పిన తేదీ లోపు ఒరిజినల్స్‌తో కాలేజీలో రిపోర్ట్ చేయాలి. బయల్దేరే ముందు ప్రతి కాగితానికీ మూడు నాలుగు జిరాక్సు సెట్లు, స్కాన్లు తీసి పెట్టుకోండి. ఒరిజినల్స్ తీసుకున్న కాలేజీ చేత వాటి జాబితా రాయించి, ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. రేపు ఇంకో విడతలో సీటు మారినప్పుడు ఆ కాగితం చూపించే ఒరిజినల్స్ వెనక్కి అడగాలి.