ఇంటర్నెట్‌లో మాట – 4వ పాఠం: గట్టు మీద నాలుగు కట్టలు

ఇంటర్నెట్ కాల్‌లో ఒకరి మాటకు సెకనుకు ఎన్ని కిలోబిట్లు కావాలి? పోయిన పాఠం చివర ఇచ్చిన ఈ లెక్కను ముందు సరిచూసుకుందాం. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీల నాటి జి.711 పద్ధతిలో గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 8 బిట్లు, అంటే సెకనుకు 64 కిలోబిట్లు. దీన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తే ముక్కకు 160 బైట్లు వస్తాయి. దాని మీద చిరునామా, వరుస సంఖ్య, సమయం వంటివి రాయడానికి మరో 40 బైట్లు కావాలి. ఇలా కవరులో పెట్టిన ముక్కే ప్యాకెట్. 200 బైట్ల ప్యాకెట్లు సెకనుకు 50 చొప్పున వెళితే 80 కిలోబిట్లు. మీకు 64 వచ్చిందంటే ఉత్తరం తూచి కవరు తూచడం మరిచిపోయారన్నమాట. నేటి కాల్స్‌లో ఎక్కువగా వాడే ఓపస్ పద్ధతికి ఇంతకంటే చాలా తక్కువ చాలు.

ఇంట్లోనేమో 100 మెగాబిట్ల కనెక్షన్ ఉంది. మాటకు కావలసినదానికి వెయ్యి రెట్లకు పైమాటే. అయినా డల్లాస్ నుంచి కూతురు, "అమ్మా, నీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది" అంటుంది. తల్లి కాల్ ఆపి స్పీడ్ టెస్ట్ చేస్తుంది. 94 అని చూపిస్తుంది. "స్పీడు బాగానే ఉందే!" నిజమే, బాగానే ఉంది. మాటకు కావలసింది అది కాదు.

నాట్లు వేసే రోజున పొలం దగ్గర నిలబడి చూడండి. నాటేవాళ్లు ఒకే లయలో వెనక్కి జరుగుతూ పోతుంటారు. నారుమడి నుంచి ఒకరు కట్టలు మోసుకొస్తుంటారు. రోజు మొత్తానికి ఎన్ని కట్టలు వచ్చాయన్నది కూలి లెక్కకు పనికొస్తుంది కానీ, నాటే చేతికి కావలసింది ఆ క్షణానికి ఒక కట్ట. పది నిమిషాలు ఏమీ రాకుండా ఒకేసారి ఇరవై కట్టలు వచ్చి పడితే లయ తప్పుతుంది. అందుకే గట్టు మీద నాలుగు కట్టలు ముందే పెట్టుకుంటారు.

కాల్‌లో ఆ గట్టు పేరు జిట్టర్ బఫర్. ప్యాకెట్లు ఒకటి ముందు, ఒకటి వెనుక వచ్చే ఒడుదొడుకే జిట్టర్. అవతలి ఫోను వచ్చినదాన్ని వచ్చినట్టు వినిపించదు. కొన్నింటిని పోగేసి, వరుస సంఖ్యలు చూసి సర్ది, 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున వదులుతుంది. గట్టు మీద కట్టలు తరిగిపోతుంటే మాటను కాస్త సాగదీస్తుంది, ఎక్కువైతే తొందరపెడుతుంది. అవతలివారు ఉన్నట్టుండి రాగం తీసి, వెంటనే గబగబా మాట్లాడినట్టు మీకు ఎప్పుడో అనిపించే ఉంటుంది. అది వారి అలవాటు కాదు, బఫర్ పని.

మరీ ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ను ఏం చేస్తుంది? పారేస్తుంది. నాటేవాళ్లు ఆ సాలు దాటిపోయాక వచ్చిన కట్టతో ఏం పని? ఫైలు దిగుమతి చేసుకునేటప్పుడు పోయిన ముక్కను మళ్లీ పంపమని అడిగి తెప్పించుకోవచ్చు. మాటకు అంత వ్యవధి ఉండదు. ఖాళీ అయిన చోటును అంతకుముందు ధ్వనిని చూసి ఊహతో పూడుస్తుంది. ఒకటి పోతే చెవికి తెలియదు. వరుసగా ఐదారు పోతేనే "ముక్కలు ముక్కలు".

అలాగైతే గట్టు మీద నలభై కట్టలు పెట్టుకుంటే సరిపోదా? సరిపోదు, ఎందుకంటే పోగేసిన ప్రతి ముక్కకూ ఆలస్యం పెరుగుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం జి.114 సిఫారసు చెబుతుంది. హైదరాబాదు నుంచి డల్లాస్‌కు భూగోళం మీద దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, దారికే 72 మిల్లీసెకన్లు. పైగా ఆ దగ్గరి దారి ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. కేబుళ్లు అటు పోవు, చుట్టు తిరిగి సముద్రాల కింద వెళతాయి. అంటే 150లో చాలా భాగం దారిలోనే ఖర్చు. తల్లీకూతుళ్లు ఒకేసారి మాట మొదలుపెట్టి, ఒకేసారి ఆగి, "నువ్వు చెప్పు", "కాదు, నువ్వే చెప్పు" అనుకోవడానికి కారణం ఇదే.

ఇక చేతిపని. కంప్యూటర్‌లో కమాండ్ విండో తెరిచి, పింగ్ ఆదేశం తరువాత మీ రౌటర్ చిరునామా కొట్టండి. ఒక చిన్న ప్యాకెట్ అక్కడికి వెళ్లి తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అది చూపిస్తుంది. చాలా ఇళ్లలో ఆ చిరునామా 192.168.1.1 లేదా 192.168.0.1. మా ఇంట్లో ఒకసారి వచ్చిన ఆరు సంఖ్యలు ఇవి: 3, 4, 3, 88, 5, 4. సగటు 18. చూడముచ్చటగా ఉంది కదా! ఇప్పుడు పక్కపక్క సంఖ్యల మధ్య తేడాలు తీయండి: 1, 1, 85, 83, 1. వీటి సగటు 34. సగటు సమయం దాచిన రోగాన్ని ఈ 34 బయటపెట్టింది. రౌటర్ వరకు వెళ్లి రావడానికే ఇంత ఒడుదొడుకంటే తప్పు బయటి లైనుది కాదు. మా రౌటర్ ఇనుప బీరువా వెనుక ఉండేది, వైర్లు కనిపించకూడదని. బయట పెట్టాక తేడా 2కు దిగింది. గది అందం కొంచెం చెడింది, ఆ గొడవ వేరే సంగతి.

రౌటర్‌కు అంతా నిలకడగా ఉండి, బయటి చిరునామాకు పింగ్ చేసినప్పుడే సంఖ్యలు ఎగిరితే మరో దొంగను పట్టాలి. ఇంట్లో ఎవరి ఫోనో పెళ్లి వీడియోలను ఆన్‌లైన్‌లో దాస్తూ ఉండవచ్చు. ఆ పెద్ద ఫైలు రౌటర్ గుమ్మంలో బారులు తీరితే మన 200 బైట్ల ముక్క ఆ బారు వెనుక నిలబడుతుంది. కాల్ అయ్యేదాకా ఆ పనిని ఆపి మళ్లీ కొలవండి.

వచ్చే పాఠంలోపు రౌటర్ ఉన్న గదిలో, వంటగదిలో ఇరవై చొప్పున పింగ్‌లు కొలిచి తేడాల సగటు రాసుకోండి. వంటగదిలో మైక్రోవేవ్ ఉంటే అది నడుస్తున్నప్పుడు కూడా ఒకసారి కొలవండి. వైఫైకి వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే అదీ పనిచేస్తుంది. 5వ పాఠం ప్రతిధ్వని మీద. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తుంటే తప్పు సాధారణంగా మీ ఫోనుది కాదు, అవతలి ఫోనుది. ఎందుకో ఈలోగా ఆలోచించి పెట్టుకోండి.