అతికించినట్టు కనిపించే సిగ్నేచర్ గ్రాఫిక్: లోపం ఎక్కడ, సవరణ ఎలా

హన్మకొండలో నా దగ్గరకు డిజైన్ పని మీద వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఒకే రకం చిత్రం చూపిస్తారు. ఈమెయిల్ చివరనో, పోస్టు కిందనో పెట్టుకునే చిన్న అడ్డపట్టీ అది. వెడల్పు 500 పిక్సెళ్లు, ఎత్తు 150. ఒక పక్క తమ ఫొటో, మరో పక్క పేరు, వెనుక వరంగల్ కోటలోని కాకతీయ తోరణమో వేయిస్తంభాల గుడో ఉంటాయి. "అన్నా, బ్యాక్‌గ్రౌండ్ కుదరలేదు, వేరేది పెట్టు" అంటారు. నిజానికి చాలాసార్లు బ్యాక్‌గ్రౌండ్ బాగానే ఉంటుంది. మనిషి మీద పడిన వెలుగుకూ రాతి మీద పడిన వెలుగుకూ పొంతన ఉండదు, అంతే.

మనిషి వేరు, వెనుక దృశ్యం వేరు అన్నట్టు ఉంది

ముందు ముక్కు నీడ ఎటు పడిందో చూడండి, ఆ తర్వాత తోరణం స్తంభం నీడ చూడండి. రెండూ ఎదురెదురుగా ఉంటే ఎన్ని ఎఫెక్టులు వేసినా ఆ చిత్రం అతకదు. ఒకదాన్ని అడ్డంగా తిప్పాలి. అయితే మనిషిని తిప్పకండి. చొక్కా జేబు కుడివైపుకు పోతుంది, చీర కొంగు కుడి భుజం మీదికి వస్తుంది. చూసేవారికి ఏదో తేడా ఉందని వెంటనే తెలిసిపోతుంది. తోరణం రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి దాన్ని తిప్పవచ్చు. రామప్ప గుడిలోని మదనికలను (స్త్రీ మూర్తుల శిల్పాలను) మాత్రం తిప్పవద్దు. ఆ భంగిమలు చూసి పెరిగినవాళ్లు ఇట్టే పట్టేస్తారు, శిల్పి మలిచిన వాలును మనం మార్చడమూ న్యాయం కాదు.

వెలుగు కుదిరాక రంగు చూడాలి. ట్యూబులైటు కింద తీసిన ముఖం నీలంగా ఉంటుంది, సాయంత్రపు ఎండలో రాయి పసుపుగా ఉంటుంది. రాతి మీద బాగా వెలిగే చోటు నుంచి రంగు తీసుకుని, దానితో అన్నిటికన్నా పైన ఒక లేయర్ (చిత్రం మీద పరిచే పొర) నింపి, సాఫ్ట్ లైట్ మోడ్‌లో (కింది చిత్రంతో రంగు మెత్తగా కలిసే పద్ధతి) 15–20 శాతం ఒపాసిటీతో, అంటే పలుచగా, ఉంచండి. ముఖానికీ రాతికీ ఒకే ఎండ తగిలినట్టు అవుతుంది.

ఛాతీ దగ్గర ఫొటో గీత గీసినట్టు ఆగిపోతే ఎరేజర్ జోలికి వెళ్లవద్దు. చెరిపింది తిరిగి రాదు. లేయర్ మాస్క్ (ఫొటోను చెరపకుండా దాచే పొర) పెట్టి, మెత్తని నల్ల బ్రష్‌తో, ఫ్లో (బ్రష్ వదిలే రంగు మోతాదు) 10 శాతం ఉంచి, కొంచెం కొంచెంగా కరిగించండి. ఎక్కువైతే తెల్ల బ్రష్‌తో మళ్లీ తెచ్చుకోవచ్చు.

జుట్టు చుట్టూ తెల్లని గీత

తెల్ల గోడ ముందు తీసిన ఫొటోలన్నిటికీ ఈ బాధ తప్పదు. 300 శాతానికి పెద్దది చేసి చూడండి. అంచులోని ఒక్కో పిక్సెల్‌లో సగం జుట్టు, సగం గోడ కలిసి ఉంటాయి. ఎంత జాగ్రత్తగా కత్తిరించినా ఆ సగం గోడ వెంట వస్తుంది. కత్తిరించడానికి గీసిన ఎంపికను (సెలెక్షన్‌ను) ఒక పిక్సెల్ లోపలికి కుదించి, అర పిక్సెల్ ఫెదర్ ఇస్తే (అంచును మెత్తబరిస్తే) భుజాలు, చెవులు శుభ్రపడతాయి. జుట్టును అలా కుదిస్తే గుండు గీసినట్టు అవుతుంది. అక్కడ మనిషి లేయర్‌కు క్లిప్ చేసిన (మనిషి బొమ్మ దాటి బయటికి పోని) కొత్త లేయర్‌ను మల్టిప్లై మోడ్‌లో (కింది రంగును ముదురు చేసే పద్ధతి) పెట్టి, జుట్టులోని రంగే తీసుకుని అంచు మీద పలుచగా బ్రష్ తిప్పండి. తెల్లని పోగులు నల్లబడి జుట్టులో కలిసిపోతాయి.

దీపాల చుట్టూ మసక చతురస్రం

నల్లని నేపథ్యంలో తీసిన దీపాల ఫొటోను స్క్రీన్ మోడ్‌లో పెడితే నలుపు కనిపించకుండా పోవాలి. చతురస్రం మిగిలిందంటే ఆ నలుపు అసలు నలుపు కాదు, ముదురు బూడిద రంగు. లెవెల్స్‌లో (వెలుగునీడలు సరిచేసే చోటు) నలుపును సరిచేసే ఎడమ మీటను కొద్దిగా లోపలికి జరపండి, చతురస్రం పోతుంది.

వెనుక శిల్పాలు గజిబిజిగా, పేరు చదవలేకుండా

వేయి స్తంభాలూ 150 పిక్సెళ్ల ఎత్తులో ఇమడవు. గుడి మొత్తం కాకుండా ఒక స్తంభపు మలుపును పెద్దగా తీసుకోండి. దానికి ఒకటి రెండు పిక్సెళ్ల గాసియన్ బ్లర్ ఇచ్చి (మసకబరిచి), పేరు వచ్చే వైపు ముదురు రంగు గ్రేడియంట్ (క్రమంగా మారే రంగు) పరవండి. అక్షరాలకు మందపాటి తెల్ల అంచు కట్టడం నాకు నచ్చదు. అది ఫ్లెక్సీకి సరిపోతుంది కానీ ఇంత చిన్న పట్టీకి బరువవుతుంది.

ఆకాశంలో చారలు

భద్రకాళి చెరువు మీది సాయంత్రపు ఆకాశాన్ని గ్రేడియంట్‌తో గీసినప్పుడు ఇవి ఎక్కువగా వస్తాయి. 8 బిట్ చిత్రంలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. ముదురు నీలం నుంచి కాస్త లేత నీలానికి వెళ్లే దారిలో వాటిలో కొన్నే పనికొస్తాయి. ఆ కొన్ని మెట్లే వెడల్పంతా పరుచుకుని చారలవుతాయి. గ్రేడియంట్‌కు డిథర్ (రంగు మెట్ల మధ్య చుక్కలు కలిపి చారలు కనబడకుండా చేసేది) టిక్ పెట్టండి. ఇంకా మిగిలితే 50 శాతం బూడిద రంగు లేయర్‌ను ఓవర్‌లే మోడ్‌లో పెట్టి, దానిపై 1–2 శాతం నాయిస్ (సన్నని రేణువులు) చల్లండి. బూడిద కనిపించదు, రేణువులే మిగిలి చారలను చెదరగొడతాయి. ఆ రేణువులు ముఖం మీదా రాతి మీదా సమానంగా పడి రెండిటినీ మరింత దగ్గర చేస్తాయి.

ఇక్కడ బాగుంది, అక్కడ పెట్టాక పాడైంది

జిఫ్‌గా సేవ్ చేస్తే మొత్తం 256 రంగులే, అంచులు కూడా పళ్లు పళ్లుగా కనిపిస్తాయి. పారదర్శకత కావాలంటే పీఎన్‌జీగా, ఎస్‌ఆర్‌జీబీ (తెరల మీద సాధారణంగా వాడే) రంగుల్లో సేవ్ చేయండి. ఫోన్లో ఎవరికైనా పంపేటప్పుడు నాణ్యత తగ్గకుండా, ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి.