వ్యాన్ వెనక కట్టుకున్న సామాన్ల డబ్బా: ఊగుతోందా, నీళ్లు చేరుతున్నాయా?

అమెరికాలో క్యాంపర్ వ్యాన్ కొనుక్కున్న మనవాళ్లలో చాలామంది మొదట చేసే పని ఇదే. వెనకున్న 2 అంగుళాల హిచ్ రిసీవర్‌లో (ట్రైలర్ తగిలించడానికి బండి కింద ఉండే చదరపు గొట్టం) ఇనుప ఫ్రేమ్ దూర్చి, దానిమీద ప్లైవుడ్‌తోనో అల్యూమినియం రేకుతోనో డబ్బా కట్టుకుంటారు. స్టవ్, కుర్చీలు, తాళ్లు, బూట్లు అందులోకి పోతే లోపల పడుకోవడానికి చోటు మిగులుతుంది. డ్రిల్ పట్టడం, బోల్టు బిగించడం, మూతకి రబ్బరు గాస్కెట్ అంటించడం మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

డబ్బా ఊగుతోంది, గతుకుల్లో టకటకమంటోంది

అందరూ వెంటనే వెల్డింగ్‌ని అనుమానిస్తారు. ఫ్రేమ్ విప్పేసి మళ్లీ వెల్డింగ్ చేయించినవాళ్లూ ఉన్నారు. దయచేసి ముందు ఒక పని చేయండి. డబ్బా చివర రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి. ఇంకొకరిని కింద కూర్చోబెట్టి కదలిక ఎక్కడ మొదలవుతోందో చూడమనండి. చాలాసార్లు అది రిసీవర్ నోటి దగ్గరే కనిపిస్తుంది. రిసీవర్‌కీ, అందులో దూరిన గొట్టానికీ మధ్య కాస్త సందు ఉండటం మామూలే. పెట్టె చివరికి వచ్చేసరికి ఆ కాస్త సందే పెద్ద ఊపుగా మారుతుంది.

యు-బోల్టుతో బిగించే హిచ్ టైట్నర్ ఒకటి వేస్తే సరిపోతుంది. చెక్కముక్కలు, రబ్బరు ముక్కలు సందులో కొట్టకండి, రోడ్డుమీద జారిపోతాయి. టైట్నర్ వేసేముందు, గొట్టం బయటికి జారకుండా అడ్డంగా దూర్చే పిన్ బయటికి తీసి చూడండి. 2 అంగుళాల రిసీవర్‌కి 5/8 అంగుళం పిన్ ఉండాలి. 1/2 అంగుళం పిన్ పెట్టి తిరుగుతున్నవాళ్లు ఉన్నారు, అది ప్రమాదం. గొట్టంలో పిన్ కన్నం కోలగా సాగిపోయి ఉంటే గొట్టమే మార్చాలి.

స్టీరింగ్ తేలిగ్గా అనిపిస్తోంది, ఎదుటి బండ్లవాళ్లు లైట్లు కొడుతున్నారు

వెనక బరువు ఎక్కువై ముందు భాగం లేచింది, హెడ్‌లైట్లు పైకి చూస్తున్నాయి. లెక్క కష్టమేమీ కాదు. 144 అంగుళాల మోడల్ మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యాన్‌లో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 12 అడుగులు. సామానుతో కలిపి 300 పౌండ్ల డబ్బా వెనక ఇరుసుకి 6 అడుగుల అవతల వేలాడితే, ముందు చక్రాల మీంచి 150 పౌండ్లు తగ్గుతాయి, వెనక ఇరుసు మీద 450 పౌండ్లు పడతాయి. వెనక స్ప్రింగులకి సాయంగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేస్తే బండి సమంగా నిలబడుతుంది కానీ ముందు తగ్గిన బరువు తిరిగి రాదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు.

హిచ్ మీద రాసి ఉన్న టంగ్ వెయిట్ (హిచ్ కిందికి మోయగల బరువు) ట్రైలర్ తగిలించే ఇనుప బంతి దగ్గర పడే బరువుకి సంబంధించినది. మీ డబ్బా బరువు అంతకంటే వెనక వేలాడుతుంది కాబట్టి హిచ్‌ని ఇంకా ఎక్కువ మెలిపెడుతుంది. ఆ అంకె దాకా నింపకండి. 5 గ్యాలన్ల నీళ్ల క్యాన్ 40 పౌండ్లు దాటుతుంది. నీళ్లు, సోనామసూరి బస్తాలు, బ్యాటరీలు వెనక ఇరుసుకి ముందు, బండి లోపలే ఉండాలి. డబ్బాలోకి తేలికైనవే పోవాలి. ఇరుసు మోయగల బరువు డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద ఉంటుంది. నింపిన బండిని ఒకసారి ట్రక్ స్టాప్ కాటా మీద తూచి దాంతో పోల్చుకోండి.

వాన పడ్డాక డబ్బా అడుగున నీళ్లు, కానీ ఎక్కడా కన్నం లేదు

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. గాస్కెట్ కొత్తది, మూలలన్నిటికీ సిలికాన్ పట్టించారు, పైపుతో నీళ్లు కొట్టి చూస్తే చుక్క కూడా రాలేదు. అయినా రెండు రోజులు తిరిగొచ్చేసరికి అడుగున నీళ్లు, కుర్చీల గుడ్డకి బూజు. అప్పుడు ఇంకో వరస సిలికాన్ వేస్తారు, ఇంకో గాస్కెట్ అంటిస్తారు. పరిస్థితి ఇంకా పాడవుతుంది.

అసలు కారణం డబ్బా గాలి పీల్చడం. జులై మధ్యాహ్నం ఉత్తర కాలిఫోర్నియాలో రెడింగ్ దగ్గర ఎండ 100 ఫారెన్‌హీట్ దాటుతుంది. నల్ల రంగు వేసిన డబ్బా లోపల 140 దాకా పోవచ్చు. అక్కణ్నుంచి 299 రోడ్డు మీద పడమటికి వెళ్తే సాయంత్రానికి తీరాన ఉన్న ఆర్కాటాలో సముద్రపు పొగమంచు, 60 డిగ్రీలు. ఆ తేడాకి లోపలి గాలి దాదాపు 13 శాతం కుంచించుకుంటుంది. డబ్బా నిజంగా గాలి చొరబడకుండా మూసి ఉంటే, 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పున్న మూత మీద బయటి గాలి 2,000 పౌండ్లకు పైగా బలంతో నొక్కాలి. ఇంట్లో కట్టిన ఏ డబ్బా కూడా అంత తట్టుకోదు. ఎక్కడో ఒక సన్నని సందు లొంగుతుంది, గాలి లోపలికి వస్తుంది. ఆ సందు మీద వాననీరో మంచు తడో నిలిచి ఉంటే, గాలి కంటే ముందు నీరే లోపలికి పోతుంది. మీరు సిలికాన్‌తో సందులు మూసేకొద్దీ, మిగిలిన ఆ ఒక్క సందు మీద పీల్పు పెరుగుతుంది.

పైపుతో పరీక్షిస్తే ఇది ఎందుకు దొరకదంటే, అప్పుడు డబ్బా లోపలా బయటా ఒకే వేడి ఉంటుంది. పరీక్ష ఇలా చేయండి. డబ్బా ఖాళీ చేసి, లోపల అంచులన్నిటి వెంబడి, మడతబందుల దగ్గర, గొళ్లెం స్క్రూల దగ్గర పేపర్ టవల్ ముక్కలు టేపుతో అంటించండి. మూత వేసి మధ్యాహ్నం దాకా ఎండలో వదిలేయండి. బాగా కాలాక పైపుతో చన్నీళ్లు పది నిమిషాలు ధారగా పోసి, వెంటనే తెరవండి. ఏ ముక్క తడిసిందో అక్కడే దారి. ఎక్కువసార్లు అది గాస్కెట్ కాదు, గాస్కెట్ గీతకి లోపలివైపు పడ్డ మడతబందు స్క్రూ.

ఆ స్క్రూలని గాస్కెట్‌కి బయటికి మార్చండి, వీలుకాకపోతే రబ్బరు వాషర్లు వేయండి. కానీ అసలు పని డబ్బాకి ఊపిరి ఇవ్వడం. అడుగున నాలుగు మూలల్లో 3/8 అంగుళం కన్నాలు పెట్టండి. ప్లైవుడ్ అయితే కోసిన అంచుకి ఎపాక్సీ పూయాలి, లేకపోతే అక్కడే నీరు తాగి ఉబ్బుతుంది. టైర్లు చిమ్మే నీళ్లు నేరుగా కన్నాల్లోకి కొట్టకుండా ఒక్కోదానికి చిన్న గొట్టం ముక్క దించి, చివర ఏటవాలుగా కోసి, తెరిచిన వైపు వెనక్కి తిప్పండి. డబ్బా పైభాగాన, మూత పెదవి కింద, రెండు గాలి రంధ్రాలు ఉండాలి. కారు హెడ్‌లైట్లకి ఉండే బ్రీదర్ ప్లగ్ లాంటివి దొరుకుతాయి, గాలిని పోనిచ్చి నీటిని ఆపుతాయి. అడుగున సామాను కింద ప్లాస్టిక్ జాలీ పరచండి.

వానే లేకుండా తడి కనిపిస్తే, అది మీరు లోపల పెట్టిన తడి బూట్లదీ తాళ్లదీ. రాత్రి మూత చల్లబడగానే లోపలివైపు చెమ్మ పట్టి కారుతుంది. గాలి రంధ్రాలతో అదీ చాలావరకు తగ్గుతుంది.

దుమ్ము, పొగ వాసన

మట్టిరోడ్డు మీద బండి వెనక గాలి సుడి తిరిగి దుమ్మంతా డబ్బా మీదికే వస్తుంది. బ్రీదర్ ప్లగ్‌ల ముందు స్పాంజి ముక్క పెట్టి తరచూ కడుగుతుండండి.

పొగ వాసన మాత్రం తేలిగ్గా తీసుకోకండి. డబ్బా అడ్డం వచ్చి సైలెన్సర్ పొగ వెనక తలుపుల దగ్గరే తిరగొచ్చు. వైర్ల కోసం తలుపు రబ్బరు కోసి ఉంటే అక్కణ్నుంచి లోపలికి వస్తుంది. కోసిన రబ్బరు మార్చండి, సైలెన్సర్ గొట్టం డబ్బా అంచు దాటేలా పక్కకి పొడిగించండి. లోపల పిల్లలు పడుకుంటారు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

మిగతావి

నంబర్ ప్లేట్, బ్రేక్ లైట్లు డబ్బా వెనక దాగిపోతే పోలీసు ఆపుతాడు. రెండిటినీ డబ్బా మీదికి తెచ్చి, ప్లేటుకి తెల్ల లైటు పెట్టండి. రివర్స్ సెన్సర్ ఆగకుండా మోగుతుంటే అది డబ్బానే చూస్తోంది, సెట్టింగ్‌లో ఆపేయండి. అల్యూమినియం, ఇనుము తాకేచోట తెల్లపొడి రాలుతుంటే మధ్యలో ప్లాస్టిక్ వాషర్ వేయండి. చలికాలంలో తాళం గడ్డకట్టకుండా ముందే గ్రాఫైట్ పొడి వేయండి.