పాత పేపర్లు, అట్టపెట్టెలు అమ్మి కాలనీకి నిధి సమకూర్చడం ఎలా?

పార్కులో ఊయల బాగుచేయించాలన్నా, కాలనీ లైబ్రరీకి బీరువా కొనాలన్నా చందా పుస్తకం పట్టుకుని గడప గడపా ఎక్కాల్సిందే. అవే ఇళ్లలో పాత పేపర్లు, అట్టపెట్టెలు, పాల కవర్లు మూలన పోగుపడుతుంటాయి. వాటిని ఒకచోట చేర్చి అమ్మితే లక్షలేమీ రావు. కానీ నెలనెలా ఎంతో కొంత వస్తుంది, ఎవరినీ చేయి చాచి అడగక్కర్లేదు. మన దగ్గర ఇది కొత్తేమీ కాదు. తడి, పొడి చెత్త విడదీసి, పొడి చెత్తను అమ్మి సూర్యాపేట మున్సిపాలిటీ 2000ల తొలినాళ్లలోనే దేశమంతటా పేరు తెచ్చుకుంది. 2019లో ములుగు జిల్లాలో కిలో ప్లాస్టిక్ తెచ్చినవారికి కిలో బియ్యం ఇచ్చారు.

1. ముందు వాచ్‌మన్‌తో మాట్లాడండి

మీటింగు కంటే ముందే కావాల్సిన పని ఇది. మీ అపార్ట్‌మెంట్‌లో పాత సామాను ఇప్పుడేమీ వృథాగా పోవడం లేదు. వాచ్‌మన్ భార్యో, పనిచేసే అమ్మాయో, పొద్దున్నే స్వచ్ఛ ఆటోతో వచ్చే అబ్బాయో ఏరి అమ్ముకుంటున్నారు. జీతం చాలనివాళ్లకు అది పాలకూ కూరగాయలకూ సరిపోయే డబ్బు. ‘కాలనీ కోసం’ అంటూ మనం దాన్ని తీసేసుకుంటే, నిధి ఇచ్చింది ఫ్లాట్ల వాళ్లు కాదు, వాళ్లే అవుతారు.

అందుకే వాటా ముందే తేల్చండి. ఏరడం, మోయడం, తూకం వేయించడం వాళ్లే చేస్తే వచ్చినదాంట్లో సగం వాళ్లకివ్వడం న్యాయమని నా అభిప్రాయం. ‘అంతెందుకు’ అనేవాళ్లు ప్రతి కాలనీలోనూ ఉంటారు. వాళ్లను ఒక్క ఆదివారం వచ్చి పాల కవర్లు కడిగి చూడమనండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా చెత్త ఏరుకునేవాళ్లను గుర్తించి, వ్యవస్థలో కలుపుకోవాలని స్థానిక సంస్థలకు చెప్పాయి.

2. నిబంధనలు ఏమంటున్నాయో చూసుకోండి

చెత్తను వేరుచేసి ఇవ్వడం ఇంటివాళ్ల బాధ్యత. 2016 నిబంధనల్లో తడి, పొడి, ఇళ్లలోని ప్రమాదకర చెత్త అని మూడు రకాలుండేవి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో అవి నాలుగయ్యాయి: తడి, పొడి, డైపర్లు, ప్యాడ్ల వంటి శానిటరీ చెత్త, ఆపైన బల్బులు, పెయింటు డబ్బాలు, గడువు తీరిన మందుల్లాంటి ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి. మీరు అమ్మగలిగేది రెండో రకమే.

పొడి చెత్తను అనుమతి ఉన్న సేకరణదారులకో, రీసైక్లర్లకో అప్పగించాలి. కాబట్టి మున్సిపల్ వార్డు కార్యాలయంలో శానిటరీ సిబ్బందిని కలిసి, మీ దగ్గర ఎవరికి ఇవ్వవచ్చో కనుక్కోండి. అసోసియేషన్ పేరుతో ఒక ఉత్తరం కూడా ఇచ్చి ఉంచితే మంచిది. రోజుకు 100 కిలోలు, అంతకు మించి చెత్త వచ్చే పెద్ద సముదాయాలకు బాధ్యతలు ఎక్కువ. తడి చెత్త సంగతి కూడా అవే చూసుకోవాలి. మిగిలిపోయిన ఎండుటాకులనూ కవర్లనూ తగలబెట్టడం మాత్రం ఎక్కడా కుదరదు.

3. విడదీయడంలోనే డబ్బుంది

అన్నీ ఒకే గోతంలో కుక్కి ఇస్తే కొనేవాడు అందులో అన్నిటికంటే చవక సరుకు రేటే కడతాడు. పేపర్లు వేరు, తెల్ల కాగితాలూ నోటు పుస్తకాలూ వేరు, అట్టలు వేరు. నూనె మరకలున్న పిజ్జా పెట్టెను అట్టల్లో కలపకండి. పేపర్లు తడిస్తే ‘తరుగు’ పేరుతో కిలోలకు కిలోలు కోసేస్తారు, అందుకే వానాకాలంలో కట్టలు నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి.

పాల కవర్లకు గిరాకీ ఉంటుంది, కానీ కడిగి ఆరబెట్టినవాటికే. కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంపేయకుండా కవర్‌కే వేలాడేలా వదిలేయండి. ఆ చిన్న ముక్కలే కాలువల్లోకి చేరేది. గాజు సీసాలు పగలకుండా ఉంటే రేటు, పగిలితే దాదాపు ఏమీ రాదు. ఇనుమేదో అల్యూమినియమేదో తెలియకపోతే అయస్కాంతం పెట్టి చూడండి, అల్యూమినియానికి అంటుకోదు. చిప్స్ ప్యాకెట్లను మామూలు దుకాణాల్లో ఎవరూ కొనరు, వాటిని స్వచ్ఛ ఆటోకే ఇవ్వండి.

నెలకో ఆదివారం చాలు. సెల్లార్‌లో పార్కింగు పక్కన కాగితం గుట్టలు పెట్టకండి, నిప్పురవ్వ పడితే పైనున్న వాళ్లందరికీ ముప్పు.

4. కాటా దగ్గర కళ్లు తెరవండి

కనీసం ఇద్దరు ముగ్గురిని రేటు అడగండి. కిలోకు రూపాయి ఎక్కువిస్తానన్నవాడు కాటాలో అంతకు రెట్టింపు లాగేయవచ్చు. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. సీలు విప్పని ఐదు కిలోల బియ్యం సంచిని ముందు దాని మీద పెట్టిస్తే సగం వాదన తగ్గుతుంది. గోతం బరువు తీసేశాక వచ్చిన కిలోలు, రేటు, మొత్తం ఒక పుస్తకంలో రాసి, ఇచ్చినవాళ్లూ కొన్నవాళ్లూ సంతకం పెట్టాలి.

5. వీటిని తుక్కులో కలపకండి

పాత ఫోన్లు, కంప్యూటర్లు, చార్జర్లకు మంచి రేటు వస్తుందని ఆశపడతాం. కానీ 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని రీసైకిల్ చేయాల్సింది కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైనవాళ్లే. వీధి దుకాణానికి చేరితే, రాగి కోసం వైర్లు తగలబెడతారు, ఆ పొగ ఏ బస్తీ పిల్లల ఊపిరితిత్తుల్లోకో పోతుంది. ఇన్వర్టర్, కారు బ్యాటరీలకు 2022 నుంచి వేరే నిబంధనలున్నాయి. కొత్తది కొనేటప్పుడు పాతది షాపులోనే ఇచ్చేస్తే ధరలో కొంత తగ్గిస్తారు, ఆ తగ్గింపును ఇంటివాళ్లు ఇష్టమైతే నిధికి రాస్తారు.

6. డబ్బు లెక్క

సెక్రటరీ సొంత ఫోన్‌పే నంబరుకు డబ్బు వేయించుకోవద్దు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. అసోసియేషన్ బ్యాంకు ఖాతా ఉండాలి. అసోసియేషన్ ఇంకా రిజిస్టర్ కాకపోతే, రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో చేసుకోవచ్చు.

జీఎస్టీ విషయం: వస్తువుల అమ్మకానికి రిజిస్ట్రేషన్ పరిమితి తెలంగాణలో ఏడాదికి 20 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. ఒక్క పాత పేపర్లతో ఆ గీత దాటడం కష్టమే. అయితే మెయింటెనెన్స్ వసూళ్ల వల్ల అసోసియేషన్ ఇప్పటికే జీఎస్టీలో నమోదై ఉంటే, తుక్కు అమ్మకమూ లెక్కల్లో చూపాలి. 2024 అక్టోబర్ 10 నుంచి లోహపు తుక్కును నమోదు కానివాళ్ల నుంచి నమోదైన వ్యాపారి కొంటే పన్ను కొన్నవాడే కట్టాలి. ఆదాయపు పన్ను వరకు వస్తే, సభ్యుల చందానూ, బయటివాడికి అమ్మగా వచ్చిన డబ్బునూ ఒకేలా చూడరు, రెండూ విడివిడిగా రాయండి. ఏడాది చివర ఆడిటర్‌కు కాటా దగ్గర రాసిన పుస్తకం కూడా చూపించండి.

ఇంకొకటి. నిధి పెంచుదామని ఎవరో ఒకరు టికెట్లు అమ్మి లక్కీ డ్రా పెడదామంటారు. ప్రభుత్వ అనుమతి లేకుండా లాటరీ నడపడం నేరం. ఎక్కువ ఇచ్చిన ఇంటి పేరు నోటీసు బోర్డు మీద రాయండి, సరిపోతుంది.