సీసా మీద 98 శాతం అని రాసుంటే సరిపోతుందా? ల్యాబ్ పెప్టైడ్ నాణ్యత ఎలా పరీక్షించాలి

"అన్నా, తొంభై ఎనిమిది శాతం అని రాసిండ్రు గదా, ఇంక మనమేం చూడాలె?"

నల్లగొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న ఒక కుర్రాడు పెప్టైడ్ పొడి ఉన్న చిన్న గాజు సీసా చేతిలో పట్టుకుని నన్ను అడిగిన మాట ఇది. వాళ్లది మిర్యాలగూడ వైపు పల్లె. "మీ నాయన సెంటర్‌కు వడ్లు తీస్కపోతే ఒక్కటే చూసి తూకమేస్తరా?" అని అడిగాను. నవ్వాడు. "ఏడన్నా! తాలు జూస్తరు, మిషిన్ పెట్టి తేమ జూస్తరు, మళ్ల తరుగు తీస్తరు."

పెప్టైడ్ (అమైనో ఆమ్లాలు దండలా అతికిన చిన్న అణువు) లెక్క కూడా అంతే. సీసా మీద రాసే ప్యూరిటీ, అంటే స్వచ్ఛత శాతం, తాలు సంగతి మాత్రమే చెబుతుంది. తేమ ఎంత, సంచి బరువు ఎంత, అసలు అవి మనం అడిగిన రకం వడ్లేనా అన్నది ఆ అంకెలో ఉండదు. చౌటుప్పల్ వైపు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో కొన్నేళ్లు షిఫ్టులు చేసిన అనుభవంతో, ఈ పరీక్షలు ఏ వరుసలో చేసుకోవాలో రాస్తున్నాను. ఉదాహరణకు యాంజియోటెన్సిన్-2 తీసుకుందాం. ఎనిమిది అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్, లెక్కలకు వీలుగా ఉంటుంది: ఆస్పార్టిక్ యాసిడ్, ఆర్జినిన్, వాలిన్, టైరోసిన్, ఐసోల్యూసిన్, హిస్టిడిన్, ప్రోలిన్, ఫినైల్‌అలనిన్.

తాలు ఎక్కడి నుంచి వస్తుంది?

పరీక్షకు ముందు ఇది తెలియాలి. ఇప్పుడు పెప్టైడ్లను ఎక్కువగా బ్రూస్ మెరిఫీల్డ్ 1963లో చూపించిన పద్ధతిలోనే చేస్తున్నారు. ఆ పనికి ఆయనకు 1984లో నోబెల్ వచ్చింది. రెజిన్ గింజకు మొదటి అమైనో ఆమ్లాన్ని అతికించి, దాని మీద ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోతారు, పూసల దండ గుచ్చినట్టు. ఒక్కో అతుకు 99 శాతం సరిగ్గా పడినా, 30 పూసల దండకు 29 అతుకులు కావాలి. లెక్క వేస్తే చివరికి పూర్తిగా వచ్చిన దండలు దాదాపు 75 శాతమే. మిగతావాటిలో ఎక్కడో ఒక పూస తప్పిపోయి ఉంటుంది. అవి అసలు పెప్టైడ్‌కు అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టే విడదీయడం కష్టం. పొడుగు పెప్టైడ్ ఖరీదెక్కువ ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది.

ముందు కాగితం చదవండి

సీసాతో పాటు సీఓఏ అనే అనాలిసిస్ సర్టిఫికెట్ వస్తుంది. దాని మీద లాట్ నంబరు, సీసా మీద లాట్ నంబరు ఒకటేనా? సీక్వెన్స్ (అమైనో ఆమ్లాల వరుస) అక్షరం అక్షరం సరిపోయిందా? చివర్లలో ఎసిటైల్, అమైడ్ లాంటివి అడిగి ఉంటే రాశారా? ఉప్పు ఏ రూపంలో ఉంది, టీఎఫ్‌ఏనా (ట్రైఫ్లోరోఎసిటిక్ యాసిడ్), ఎసిటేటా, హైడ్రోక్లోరైడా? ఉత్త అంకె కాకుండా హెచ్‌పీఎల్‌సీ (ద్రావణాన్ని కాలమ్ అనే గొట్టం గుండా నడిపి, కలిసున్నవాటిని విడదీసే పరికరం) గ్రాఫు, మాస్ స్పెక్ట్రమ్ (అణువుల బరువు చూపే గ్రాఫు) రెండూ జత చేశారా? గ్రాఫు కింద కాలమ్, గ్రేడియెంట్ (ద్రావకాల పాళ్లు మార్చే తీరు), వేవ్‌లెంగ్త్ రాశారా? రెండు వేర్వేరు లాట్లకు గీత గీతా కలిసే ఒకే గ్రాఫు వస్తే మాత్రం అనుమానించాల్సిందే. నిజంగా నడిపిన రెండు రన్నులు ఎప్పుడూ అచ్చు గుద్దినట్టు ఉండవు.

సీసా మూత తీయడంలో తొందరొద్దు

పెప్టైడ్ పొడిని −20 డిగ్రీల్లో దాస్తారు. ఫ్రీజర్‌లోంచి తీయగానే మూత తిప్పితే, చల్లటి పొడి మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. వానాకాలంలో అయితే చెప్పనక్కర్లేదు. సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో సీసాను కనీసం అరగంట, పెద్ద సీసా అయితే గంట ఉంచి, గది వేడికి వచ్చాకే తెరవండి. తెరిచే ముందు చిన్న సెంట్రిఫ్యూజ్‌లో కొన్ని సెకన్లు తిప్పితే మూతకు అంటుకున్న పొడి అడుగుకు దిగుతుంది. సీసాలో ఏమీ లేదని కంగారు పడేవాళ్లను చాలామందిని చూశాను. 1 మి.గ్రా. పొడి గాజుకు సన్నటి పొరలా అంటుకుంటే కంటికి ఆనదు.

కరిగించడం ఒక్కో పెప్టైడ్‌కు ఒక్కో తీరు. ఆర్జినిన్, లైసిన్ ఎక్కువుంటే నీళ్లలోనో, పలచటి ఎసిటిక్ యాసిడ్‌లోనో కరుగుతుంది. ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఎక్కువుంటే కొంచెం అమ్మోనియా నీళ్లు సాయం చేస్తాయి. నీళ్లంటే గిట్టనివాటికి డీఎంఎస్‌ఓ అనే ద్రావకం వాడతారు, కానీ సిస్టీన్, మెథియోనిన్ ఉన్నవాటికి అది మంచిది కాదు, ఆక్సీకరణ జరుగుతుంది. ఏదైనా మొత్తం పొడి మీద ప్రయోగం చేయకండి, చిటికెడు తీసి చూడండి. యాంజియోటెన్సిన్-2 ఏమీ కలపని శుద్ధమైన నీళ్లలోనే కరుగుతుంది.

హెచ్‌పీఎల్‌సీ: తాలు ఎంత?

సీ18 కాలమ్ ఎక్కించండి. ఒక సీసాలో 0.1 శాతం టీఎఫ్‌ఏ కలిపిన నీళ్లు, రెండో దాంట్లో టీఎఫ్‌ఏ కలిపిన అసిటోనైట్రైల్. రెండో దాంట్లో టీఎఫ్‌ఏ కాస్త తగ్గించి 0.09 దగ్గర పెడితే బేస్‌లైన్ (గ్రాఫు అడుగు గీత) పైకి పాకకుండా ఉంటుంది. 4.6 మి.మీ. కాలమ్‌కు నిమిషానికి 1 మి.లీ. వేగం చాలు. అసిటోనైట్రైల్‌ను 5 శాతం నుంచి 65 శాతానికి 30 నిమిషాల్లో పెంచండి. డిటెక్టర్‌ను 214 లేదా 220 నానోమీటర్ల దగ్గర పెట్టాలి. అక్కడ పెప్టైడ్ బంధమే కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి ఏ ముక్కా తప్పించుకోదు. 280 దగ్గర చూస్తే టైరోసిన్, ట్రిప్టోఫాన్ లేని ముక్కలు దాదాపు మాయమై, ప్యూరిటీ ఉన్నదానికంటే గొప్పగా కనబడుతుంది. టీఎఫ్‌ఏ చర్మాన్ని కాలుస్తుంది, అసిటోనైట్రైల్ విషం. ఫ్యూమ్ హుడ్, గ్లౌజులు తప్పనిసరి. వాడిన ద్రావకం సింక్‌లో పారబోయకుండా వేస్ట్ క్యాన్‌లో పోయాలి.

మొదటి ఇంజెక్షన్ ఎప్పుడూ ఉత్త ద్రావకమే. అందులో వచ్చిన పీకులు (గ్రాఫులో లేచే గుట్టలు) పెప్టైడ్‌వి కావు. తర్వాత మి.లీ.కి 0.5 నుంచి 1 మి.గ్రా. ద్రావణం 20 మైక్రోలీటర్లు ఎక్కించండి. పీకుల విస్తీర్ణాలన్నీ కూడి, అసలు పీకుది ఎంత శాతమో చూస్తే అదే ప్యూరిటీ.

ఇక్కడే చేతివాటం చూపించే వీలుంది. గ్రేడియెంట్‌ను ఐదు నిమిషాల్లో పరుగెత్తిస్తే అన్నదమ్ములంతా ఒకే పీకు కింద దాక్కుంటారు. ఇంటిగ్రేషన్‌లో చిన్న పీకులను వదిలేసినా అంకె పెరుగుతుంది. అందుకే అసలు పీకు అడుగుభాగాన్ని పెద్దది చేసి చూడండి. పక్కన భుజంలా ఉబ్బు కనబడితే, గ్రేడియెంట్‌ను ఆ ప్రాంతంలో బాగా నెమ్మది చేసి మళ్లీ నడపండి. అనుమానం తీరకపోతే వేరే పీహెచ్‌లో ఇంకో రన్ను. నా మట్టుకు నేను, షరతులు రాయని 99 శాతం కంటే షరతులు రాసిన 95 శాతాన్నే నమ్ముతాను.

మాస్: అడిగినదే వచ్చిందా?

పీకు శుభ్రంగా ఉందంటే దాదాపు ఒకే వస్తువు ఉందని అర్థం, అది మన వస్తువేనని కాదు. యాంజియోటెన్సిన్-2 మోనోఐసోటోపిక్ బరువు (ప్రతి మూలకానికీ ఒకే ఐసోటోపు తీసుకుని వేసిన లెక్క) 1045.53. ఒక ప్రోటాన్ తగిలితే 1046.54 దగ్గర, రెండు తగిలితే సగమై 523.77 దగ్గర, మూడు తగిలితే 349.52 దగ్గర సిగ్నల్ రావాలి. ఇవి ముందే కాగితం మీద రాసుకుని కూర్చోండి. స్పెక్ట్రమ్ చూశాక లెక్క వేసుకుంటే, కనబడ్డ అంకెకు కథ అల్లేస్తాం.

తేడా ఎంతో చూస్తే దొంగ దొరుకుతాడు. 99.07 తగ్గి 947.47 వచ్చిందంటే వాలిన్ పూస తప్పింది. 16 పెరిగితే ఆక్సీకరణ, 42 పెరిగితే ఎసిటైల్, 56 పెరిగితే తయారీలో తాత్కాలికంగా తొడిగి, తీయకుండా మిగిలిన టెర్ట్-బ్యూటైల్ కవచం అయ్యుండొచ్చు. 114 పెరిగితే టీఎఫ్‌ఏ అతుక్కుంది. 22 పెరిగితే సోడియం.

ఈ సోడియంతో నాకో పూట పోయింది. 1068.5 దగ్గర పెద్ద సిగ్నల్, అసలుది చిన్నగా. పెప్టైడ్ పాడైందని టెన్షన్ పడి, తీరా చూస్తే శాంపిల్ పోసిన గాజు సీసాను నల్లా కింద కడిగాను. మన నల్లగొండ బోరునీళ్ల సంగతి తెలిసిందే కదా, బకెట్‌కే తెల్ల చారలు కడతాయి. కొత్త ప్లాస్టిక్ ట్యూబులో, హెచ్‌పీఎల్‌సీ గ్రేడ్ నీళ్లతో మళ్లీ చేస్తే 1046.54 దర్జాగా నిలబడింది.

మాస్‌కూ కొన్ని కనబడవు. ఐసోల్యూసిన్ బదులు ల్యూసిన్ పడితే బరువు రవ్వంత కూడా మారదు. ఎల్ రూపం, అద్దంలో ప్రతిబింబం లాంటి డీ రూపంగా తిరగబడినా అంతే. అలాంటి అనుమానం ఉంటే, నమ్మకమైన ప్రామాణిక శాంపిల్‌ను మనదాంతో కలిపి ఒకే ఇంజెక్షన్‌గా హెచ్‌పీఎల్‌సీలో నడపండి. పీకు రెండుగా చీలితే రెండూ ఒకటి కాదు. చీలకపోతే ఒకటేనని ఒట్టు పెట్టలేం గానీ, ధైర్యం పెరుగుతుంది.

అసలు పెప్టైడ్ ఎంత?

ఎక్కువమంది వదిలేసేది, ప్రయోగాన్ని ఎక్కువగా ముంచేది ఇదే. తయారీలో వాడిన టీఎఫ్‌ఏ, పెప్టైడ్‌లోని క్షార స్థానాలకు ఉప్పుగా అతుక్కుంటుంది. మన పెప్టైడ్‌లో అలాంటివి మూడు: మొదటి కొస, ఆర్జినిన్, హిస్టిడిన్. పెప్టైడ్ సగటు బరువు (ఐసోటోపులన్నీ కలిపిన లెక్క) 1046.2, మూడు టీఎఫ్‌ఏలు 342. మొత్తం 1388. అంటే హెచ్‌పీఎల్‌సీలో నూటికి నూరు వచ్చినా, పొడి బరువులో పెప్టైడ్ 75 శాతమే. తేమ కూడా ఉంటే ఇంకా తక్కువ. 10 మి.గ్రా. తూచి 10 అనుకుని కరిగిస్తే మీ గాఢతలన్నీ పావు వంతు తప్పు. తరుగు అన్నది ఇదే. దీన్ని నెట్ పెప్టైడ్ కంటెంట్ అంటారు.

ఖర్చు లేకుండా సరిచూసుకునే దారి ఒకటుంది. టైరోసిన్ 280 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది, మోలార్ గుణకం సుమారు 1490. మి.లీ.కి 1 మి.గ్రా. పొడి కరిగించి 1 సెం.మీ. క్యువెట్‌లో చూడండి. పొడంతా పెప్టైడే అయితే 1.42 రావాలి. 1.07 దగ్గర వచ్చిందంటే 75 శాతమే ఉందని లెక్క. అయితే తూకం సరిగ్గా ఉండాలి. నాలుగు దశాంశాల తక్కెడ 0.1 మి.గ్రా. దాకానే చూపిస్తుంది, దాని మీద 1 మి.గ్రా. తూస్తే పదో వంతు తేడా అక్కడే వస్తుంది. కనీసం 5 మి.గ్రా. తూచి పలచన చేసుకోండి, ఫ్యాన్ ఆపడం మరవొద్దు.

టైరోసిన్, ట్రిప్టోఫాన్ లేని పెప్టైడ్‌కు ఈ దారి పనిచేయదు. అప్పుడు అమైనో యాసిడ్ అనాలిసిస్ చేయించాలి. 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 110 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉడికించి, విడిపోయిన పూసలను లెక్కపెడతారు. ట్రిప్టోఫాన్ ఆ వేడికి నాశనమవుతుంది కాబట్టి దాన్ని ఇందులో లెక్కించరు. తేమ ఒక్కటే కావాలంటే కార్ల్ ఫిషర్ పరీక్ష. ఈ పరికరాలు మన దగ్గర లేకపోతే, ఫీజు తీసుకుని చేసే ల్యాబులు హైదరాబాద్‌లో ఉన్నాయి. శాంపిల్‌తో పాటు సీక్వెన్స్, ఉప్పు రూపం, దేంట్లో కరుగుతుందో రాసి పంపితే సగం ఫోన్లు తప్పుతాయి.

కణాల మీద వాడేవాళ్లకు

టీఎఫ్‌ఏ పేరులో ఫ్లోరో ఉందని మా దగ్గర పిల్లలు ఉలిక్కిపడతారు. నల్లగొండలో ఆ మాట వింటే గారపళ్లు, వంగిన నడుములు గుర్తొస్తాయి మరి. ఇందులో ఫ్లోరిన్ కార్బన్‌కు గట్టిగా అంటుకుని ఉంటుంది, బావినీళ్లలోని ఫ్లోరైడ్‌లా విడిగా తిరగదు. అయినా కణాల మీద టీఎఫ్‌ఏ ప్రభావం వేరేగా ఉండొచ్చు. అందుకే కల్చర్ పనికి ఎసిటేట్ లేదా హైడ్రోక్లోరైడ్ రూపం అడగండి, పెప్టైడ్ లేని టీఎఫ్‌ఏ కంట్రోల్ కూడా పెట్టండి.

ఎండోటాక్సిన్ ఇంకో తలనొప్పి. బ్యాక్టీరియా పోయినా దాని గోడల విషం మిగులుతుంది. 0.22 మైక్రాన్ల ఫిల్టర్ దాన్ని ఆపదు. హార్స్‌షూ క్రాబ్ అనే సముద్రజీవి నీలి రక్తం నుంచి తీసే ఎల్‌ఏఎల్ రియేజెంట్‌తో పరీక్షిస్తారు. ఇక, జిమ్ స్నేహితులు బరువు తగ్గడానికని ఇలాంటి సీసాలు తెప్పించుకుని, "నీకు తెలుసు గదా, ఒకసారి చూడు" అని అడిగితే నా జవాబు ఒక్కటే: పరిశోధనకు మాత్రమే అని రాసున్న సీసా ఒంట్లోకి ఎక్కించుకునే మందు కాదు. ప్యూరిటీ 99 ఉన్నా, అది స్టెరైల్ (సూక్ష్మజీవులు లేనిది) అని ఆ అంకె చెప్పదు.

అన్ని పనులకూ 98 కొనక్కర్లేదు. యాంటీబాడీలు పుట్టించడానికి చాలామంది 70–80 శాతంతోనే సరిపెట్టుకుంటారు. ఎంజైమ్ కొలతలకు, రిసెప్టర్ పనులకు 95 దాటాలి.

పాస్ అయ్యాక, ఫెయిల్ అయ్యాక

పాస్ అయితే మొత్తం కరిగించి ఒకే ట్యూబులో పెట్టకండి. ఒక్కో ప్రయోగానికి సరిపడా చిన్న ట్యూబుల్లో పంచి గడ్డకట్టించండి, కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే పాడవుతుంది. సిస్టీన్, మెథియోనిన్, ట్రిప్టోఫాన్, ఆస్పరజిన్ ఉన్నవి ద్రావణంలో తొందరగా మారతాయి, వాటిని పొడిగానే ఉంచుకోవడం మేలు. ఫెయిల్ అయితే ఫోన్‌లో గొడవ పడకుండా బ్లాంక్ (ఉత్త ద్రావకం) రన్, శాంపిల్ రన్, మాస్ స్పెక్ట్రమ్, లాట్ నంబరు నాలుగూ ఒకే మెయిల్‌లో పంపండి. సీసాలో మిగిలిన పొడిని మాత్రం పారేయకండి, వాళ్లు వెనక్కి అడగొచ్చు.

ఆ మిర్యాలగూడ కుర్రాడి సీసా మాస్‌లో పాస్, హెచ్‌పీఎల్‌సీలో 97.6. కంటెంట్ మాత్రం 71 శాతం. ట్యూబుల మీద అతికించే స్టిక్కర్‌లో పేరు, లాట్, తేదీ రాసి, చివర్న "తరుగు 29" అని తెలుగులో రాసుకున్నాడు.