తేలిక బరువు లిమిటెడ్ ఎడిషన్ స్పోర్ట్స్ కారు కొనే ముందు దాని డిమాండ్ ఎంత నిజమో తేల్చుకోవడం ఎలా

మొన్న డాలస్‌లో ఒక బర్త్‌డే పార్టీలో భోజనాలయ్యాక ఓ తమ్ముడు నన్ను పక్కకి పిలిచి అడిగాడు, "అన్నా, మామూలు పోర్షే 911 తీసుకుంటే షోరూమ్ దాటగానే రేటు పడిపోతుంది, అదే ఇంకాస్త పెట్టి లిమిటెడ్ ఎడిషన్ తీసుకుంటే పెరుగుతుందంట కదా?" అని. పెరగొచ్చు, పడొచ్చు కూడా. ఏది నిలబడుతుందో, ఏది జారుతుందో కొంతవరకు ముందే పసిగట్టే పద్ధతి ఒకటుంది. అది అక్కడ నిలబడి అయిదు నిమిషాల్లో తేలే మాట కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఈ కార్లేంటో తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. కంపెనీ తన స్పోర్ట్స్ కారునే తీసుకుని వెనక సీట్లు పీకేసి, అద్దాలు పలచన చేసి, బానెట్‌ను కార్బన్ ఫైబర్‌తో చేసి, శబ్దం ఆపే ఫోమ్ తీసేసి, యాభై నుంచి నూట ఇరవై కిలోల దాకా బరువు దింపి, "ఇన్ని మాత్రమే చేస్తాం" అని ఒక సంఖ్య చెప్పి, సాధారణంగా మామూలు కారు కంటే ఎక్కువ ధరకి అమ్ముతుంది. వీటిలో పెద్దన్నలాంటిది పోర్షే 911 కరెరా ఆర్‌ఎస్ 2.7. 1972 అక్టోబరులో ప్యారిస్ మోటార్ షోలో చూపించారు. రేసులకి అర్హత రావాలంటే 500 కార్లు కావాలి, అన్ని అమ్ముడవుతాయా అని కంపెనీలో సేల్స్ వాళ్లకే టెన్షన్. తీరా చూస్తే నవంబరు ఆఖరుకే ఆ 500 అయిపోయాయి, మొత్తం 1,580 తయారయ్యాయి. కానీ అందులో 960 కిలోల అసలైన తేలిక కారు 200 మందికే వెళ్లింది, మిగతావాళ్లలో దాదాపు అందరూ అదనంగా 2,500 జర్మన్ మార్కులు కట్టి సౌకర్యాలున్న టూరింగ్ ప్యాకేజీ తీసుకున్నారు. ఇవాళ ఎక్కువ పలికేది ఆ 200 కార్లే.

కొనే ముందు మీరు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఈ కారులో జనం దేనికోసం ఎగబడుతున్నారో దాన్ని కంపెనీ రేపు ఇంకో కారులో పెట్టి అమ్మగలదా?

2016 నాటి 911 ఆర్ సంగతే చూడండి. జెనీవా షోలో వచ్చింది, 991 కార్లే, 1,370 కిలోలు, అంటే అప్పటి జీటీ3 ఆర్‌ఎస్ (911లోనే రేస్ ట్రాక్ కోసం చేసిన రకం) కంటే 50 కిలోలు తక్కువ. ముందు ఫెండర్లు, బానెట్ కార్బన్, పైకప్పు మెగ్నీషియం, వెనక పెద్ద రెక్క లేదు. 4 లీటర్ల ఇంజన్, 500 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. అమెరికాలో స్టిక్కర్ ధర, అంటే కంపెనీ పెట్టిన ధర, 1,84,900 డాలర్లు. కొన్ని నెలలు తిరక్కుండానే దానికి రెండింతలు, అంతకు మించి కూడా అడిగారు. అందరూ 991 అన్న సంఖ్యను చూసి మురిసిపోయారుగానీ, అసలు ఆకలి మాన్యువల్ గేర్‌బాక్స్ మీద. ఆ రోజుల్లో జీటీ3 కొంటే ఆటోమేటిక్ తప్ప ఇంకోటి లేదు. మరి 2017 మార్చిలో కొత్త జీటీ3 మాన్యువల్‌తో వచ్చింది, అదే ఏడాది సెప్టెంబరులో రెక్క లేని టూరింగ్ ప్యాకేజీ కూడా వచ్చేసింది, దానికి సంఖ్యా పరిమితి లేదు. ఆర్ రేట్లు దిగొచ్చాయి. కారు బరువు ఒక్క గ్రాము పెరగలేదు, 991 కాస్తా 992 కాలేదు, అయినా దిగొచ్చాయి. ఇప్పటికీ అది స్టిక్కర్ ధర కంటే పైనే ఉంది, స్టిక్కర్‌కి కొన్నవాడు హాయిగా ఉన్నాడు. దెబ్బతిన్నది వేడిలో కొన్నవాడు.

కాబట్టి మీరు చూస్తున్న కారు ప్రత్యేకతలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, మళ్లీ రాగలిగినవి ఒక పక్క, రాలేనివి ఒక పక్క వేసుకోండి. రంగు, చారలు, ఎన్నో కారో చెప్పే వరుస నంబరు పలక, సీటు గుడ్డ, గేర్‌బాక్స్ రకం: ఇవన్నీ మళ్లీ రావచ్చు. గాలితో చల్లబడే 911 ఇంజన్ 1998తో ఆగిపోయింది, రాదు. హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) స్టీరింగ్ పోర్షే వదిలేసి చాలా ఏళ్లయింది. బీఎండబ్ల్యూ ఎం3లో టర్బో లేని ఆరు సిలిండర్ల ఇంజన్ ఈ46 అనే పాత తరంతోనే పోయింది. రాలేనివి ఉన్న పక్క ఖాళీగా ఉంటే ఆ కారు బాగున్నా సరే, అదనపు ధర కట్టకండి.

సంఖ్య విషయంలో ఇంకో జాగ్రత్త. ఆ ఒక్క కారు సంఖ్య కాదు, దాని కుటుంబం మొత్తం లెక్కేయండి. మెక్‌లారెన్ 675ఎల్‌టీ కూపే 500 అన్నారు, అయిపోయాయి, తరవాత పైకప్పు తెరుచుకునే స్పైడర్ ఇంకో 500 వచ్చాయి. 765ఎల్‌టీ కూడా అంతే, కూపే 765, స్పైడర్ 765. ఇందులో మోసం ఏమీ లేదు, చెప్పే చేశారు, కానీ కొనేవాడి మనసులో మాత్రం ఒక్క సంఖ్యే ఉంటుంది.

ఇక ధర. అమ్మేవాళ్లు అడిగే ధరకి, నిజంగా పలికిన ధరకి సంబంధం లేదనుకుని మొదలుపెట్టండి. సేల్ సైట్లలో కనపడే అంకె అమ్మేవాడి ఆశ మాత్రమే. బ్రింగ్ ఎ ట్రెయిలర్ లాంటి వేలం సైట్లలో అయిపోయిన వేలాలన్నీ అలాగే ఉంటాయి, డబ్బు కట్టక్కర్లేదు. మీ మోడల్‌కి గత రెండేళ్లలో జరిగినవన్నీ తీసి, తేదీ, మైళ్లు, రంగు, చివరి పాట ఒక షీట్‌లో పెట్టుకోండి. అమ్ముడుపోని వాటిని వదిలేయకండి, నాకైతే అవే ముఖ్యం, ఎందుకంటే రిజర్వ్ ధర (అమ్మేవాడు ఒప్పుకునే కనీస ధర) అందక ఆగిపోయిన వేలంలో చివరి బిడ్ అంటే ఆ రోజు ఆ కారుకి చేతిలో డబ్బు పట్టుకుని నిలబడ్డ మనిషి ఎంతవరకు వచ్చాడో అదే. ఒకే నెలలో మూడు ఒకేరకం కార్లు వేలానికొస్తే మూడోది ఎంతకి పోయిందో చూడండి. మొదటిదానికీ దానికీ పెద్ద తేడా ఉంటే అసలు కొనేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే అని అర్థం. పాత కార్లకి ఇన్సూరెన్స్ ఇచ్చే హ్యాగర్టీ వాళ్ల ధరల పట్టిక కారు స్థితిని నాలుగు తరగతులుగా విడగొట్టి చూపిస్తుంది, దాన్ని సరిచూసుకోవడానికి వాడండి.

కారు కొత్తగా వచ్చిన మొదటి ఏడాది ధరల్ని అసలు లెక్కలోకి తీసుకోకండి. 2023లో పోర్షే 911 ఎస్/టీ 1,963 కార్లు ప్రకటించినప్పుడు, అమెరికాలో కొన్నవాళ్లకి మొదటి ఏడాది లీజు పద్ధతిలోనే ఇచ్చింది, వెంటనే లాభానికి అమ్ముకోకుండా. అలా గేటు మూసి ఉన్నప్పుడు బయట పలికే ధర గేటు తెరిచాక ఉంటుందన్న నమ్మకం లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో కొలమానం ఉంది: 25 ఏళ్ల నియమం. ఇక్కడ అమ్మని కారును తయారై 25 ఏళ్లు నిండాక దాదాపు అడ్డంకులు లేకుండా తెచ్చుకోవచ్చు. 2003లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3 సీఎస్ఎల్ 1,383 కార్లే తయారైంది, మామూలు ఎం3 కంటే 110 కిలోలు తేలిక, ఇక్కడ ఒక్కటీ అమ్మలేదు. మొదటి కార్లకి 2028లో 25 ఏళ్లు. అంటే యూరప్‌లో ఉన్న ఆ కొద్దిపాటి కార్ల కోసం అప్పుడు అమెరికా వాళ్లు కూడా దిగుతారు. అయితే ఆ సంవత్సరం దాకా ఆగితే ఆలస్యమే. నిస్సాన్ ఆర్34 జీటీ-ఆర్ విషయంలో దానికి 25 ఏళ్లు నిండే 2024 రాకముందే రేట్లు ఎక్కి కూర్చున్నాయి. (ఇండియాకి తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. వాడిన కారు మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ఆపైన డ్యూటీ.)

ఇదంతా కాగితం మీద పని. ఇప్పుడు కారు దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే తేలిక కార్లలో అసలు విలువంతా ఒరిజినల్ భాగాల్లోనే ఉంటుంది, అవి పోతే కథ మారిపోతుంది.

రెండేళ్ల కిందట ఆస్టిన్ దగ్గర ఒక 911 ఆర్‌ఎస్ అమెరికా చూడ్డానికి వెళ్లాను. 1993, 94లో అమెరికా కోసమే చేసిన కారు అది, మొత్తం 701. విశేషమేంటంటే కొత్తప్పుడు అది ఆనాటి మామూలు 911 అయిన కరెరా 2 కంటే దాదాపు పదివేల డాలర్లు చవక. పవర్ స్టీరింగ్ లేదు, వెనక సీట్లు లేవు, ఏసీ కూడా ఆప్షనే. అప్పుడు చవకబేరం, ఇప్పుడు మామూలు కరెరా 2ని ఎప్పుడో దాటేసింది. తలుపు తీసి కూర్చుంటే లోపల హ్యాండిల్ ఉండాల్సిన చోట గుడ్డ పట్టీ, దాన్ని లాగితే టక్కుమని తలుపు తెరుచుకుంటుంది. వెనక సీట్ల చోట కార్పెట్ పరిచిన అర, దాని మూతలెత్తితే చిన్న గూళ్లు. ఓనర్ పెద్దాయన, పెయింటంతా ఫ్యాక్టరీదే అన్నాడు. పెయింట్ మందం కొలిచే గేజ్ తీసి తలుపు మీద పెడితే 110 మైక్రాన్లు, పైకప్పు మీద 115, కుడి ఫెండర్ మీదా అంతే, ఎడమ ఫెండర్ మీద పెట్టగానే 320. గేజ్ తుడిచి మళ్లీ పెట్టాను, మళ్లీ 320. ఆయన కాసేపు మాట్లాడలేదు, తరవాత నెమ్మదిగా పాత ఓనర్ దగ్గరే ఏదో జరిగిందని ఒప్పుకున్నాడు. నేను దండం పెట్టి వచ్చేశాను. ఎడమ ఫెండర్ పెయింట్ వేయడం పెద్ద పాపం కాదు, చెప్పకపోవడంతోనే నాకు మనసు విరిగింది.

ఆ గేజ్ వంద డాలర్లలోపే దొరుకుతుంది, కొనుక్కోండి. కానీ మామూలు గేజ్ లోహం మీదే పనిచేస్తుంది, కార్బన్ ఫెండర్ మీద పెడితే ఏమీ చూపించదు. అక్కడ బోల్టుల తలల మీద పానా గీతలు, ఫెండరుకీ తలుపుకీ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉందా, భాగాల మీద స్టిక్కర్లు ఉన్నాయా అని చూడాలి. ఈ మధ్యకాలపు పోర్షే అయితే కొనే ముందు చేయించే ఇన్‌స్పెక్షన్‌లో ఓవర్-రెవ్ రిపోర్టు అడగండి, ఇంజన్‌ని పరిమితి దాటి ఎన్నిసార్లు తిప్పారో ఆరు స్థాయిల్లో వస్తుంది. 4, 5, 6 స్థాయిల్లో అంకెలుంటే, ముఖ్యంగా అవి ఈ మధ్యవే అయితే, ఆగి ఆలోచించండి. కార్బన్ సిరామిక్ బ్రేకులు పాడై ఉంటే వాటి ఖర్చు మీ బేరాన్నే మింగేస్తుంది.

ఖర్చులు కూడా ముందే కలుపుకోండి. టెక్సస్‌లో కారు మీద సేల్స్ టాక్స్ 6.25 శాతం, మూడు లక్షల డాలర్ల కారుకి అదే 18,750. అంటే రేటు అంత పెరిగితేగానీ మీరు మొదలుపెట్టిన చోటికి కూడా రారు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ముందుగా ఒప్పుకున్న విలువ మీద ఇచ్చే పాలసీయే తీసుకోండి, మామూలు పాలసీలో ప్రమాదం జరిగాక వాళ్లు లెక్కగట్టిన ధరే ఇస్తారు, ఇంత అరుదైన కారుకి ఆ లెక్క దగ్గర గొడవ ఖాయం.

పార్టీలో అడిగిన తమ్ముడికి నేను చెప్పింది 911 కాదు, పోర్షేలోనే 2012 మోడల్ కేమన్ ఆర్. దానికి సంఖ్యా పరిమితి లేదు, వరుస నంబరు పలకా లేదు. కేమన్ ఎస్ కంటే 55 కిలోలు తేలిక, 330 హార్స్‌పవర్, తలుపులు అల్యూమినియం, లోపల అవే గుడ్డ పట్టీలు, స్టీరింగ్ హైడ్రాలిక్, దాని తరవాతి తరం నుంచి ఎలక్ట్రిక్ అయిపోయింది. ఏసీ, రేడియో తీసేసి ఇవ్వడం ఆ కారులో మొదటి పద్ధతి, కావాలన్నవాళ్లు కలుపుకున్నారు. టెక్సస్ ఎండలకి ఏసీ ఉన్నదే, మాన్యువల్‌దే వెతకమన్నాను. ఒకటి దొరికిందట, వచ్చే శనివారం ఇద్దరం వెళ్తున్నాం, తలుపులు అల్యూమినియం కాబట్టి ఉక్కునీ అల్యూమినియాన్నీ రెండిటినీ కొలిచే గేజ్ తెప్పించి పెట్టాను.