నీటి అడుగు కెమెరా హౌసింగ్‌లోకి తడి చేరుతోందా? సమస్య - పరిష్కారం

గోపాలపూర్ తీరంలోనో, ఋషికుల్య మొగ దగ్గరో, పర్లాకిమిడి వైపు కొండవాగుల్లోనో వీడియో తీసి బరంపురం తిరిగి వచ్చినవారు హౌసింగ్‌ను, అంటే కెమెరాను నీటిలో తడవకుండా కాపాడే పెట్టెను, నా చేతికిచ్చి చెప్పే మాట దాదాపు ఒకటే: "లీకవుతోందండీ, కొత్త రింగు వేయండి." చాలా హౌసింగ్‌లలో ఆ రింగుకు, అంటే మూత చుట్టూ గాడిలో కూర్చుని నీటిని ఆపే రబ్బరు రింగుకు, ఏ లోపమూ ఉండదు. కొత్తది వేసినా మరుసటి వారం అదే తడి కనిపిస్తుంది. తడి ఏ రూపంలో, ఎక్కడ, ఏ పని చేస్తున్నప్పుడు కనిపించిందో ముందు గమనిస్తే కారణం చాలావరకు అక్కడే తేలిపోతుంది. హౌసింగ్‌లో కెమెరాను అమర్చడం, కొక్కెం బిగించడం తెలిసినవారి కోసం రాస్తున్నాను కనుక ఆ సంగతుల జోలికి పోవడం లేదు.

లక్షణం: ముందు అద్దం లోపల మసక

అద్దం లోపలివైపు తెల్లటి పొర పట్టి, హౌసింగ్‌ను ఒడ్డున నీడలో ఉంచిన కాసేపటికి అది దానంతట అదే విడిపోతే, అడుగున చుక్క నీరు కూడా లేకపోతే, అది లీకు కాదు. మూత వేసినప్పుడు లోపల చిక్కుకున్న తేమ గాలి చేసిన పని అది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీలకు చల్లబడగానే తనలోని తేమను నీటి బిందువులుగా వదలడం మొదలుపెడుతుంది. మన తీరంలో అలాంటి గాలి ఏమంత అరుదు కాదు. వీడియో తీస్తున్న కెమెరా వేడెక్కి లోపలి గాలిని వెచ్చగా ఉంచుతుంది, అద్దం మాత్రం బయటి నీటితో పాటు చల్లబడుతుంది. చలికాలపు ఉదయం మహేంద్రగిరి వాగుల్లోకి దిగినవారికి ఈ ఇబ్బంది ఎక్కువగా ఎదురయ్యేది అందుకే.

పరిష్కారం తేలిక. కెమెరాను, తెరిచి ఉంచిన హౌసింగ్‌ను ఏసీ గదిలో అరగంట ఉంచి, అక్కడే మూసి, నీటిలోకి దిగేవరకు మళ్లీ తెరవకూడదు. ఏసీలో చల్లబడిన కెమెరాను తీరానికి తెచ్చి అక్కడ తెరిస్తే మాత్రం ఫలితం పూర్తిగా తలకిందులవుతుంది. సిలికా జెల్ పొట్లం పెట్టడం మంచిదే గాని, బూట్ల పెట్టెలోంచి తీసి దాచుకున్న పొట్లం ఎప్పుడో తేమ తాగేసి ఉంటుంది. రంగు మారి తెలియజేసే రకాన్ని కొని, రంగు మారినప్పుడు దానిమీద రాసి ఉన్నట్టు వేడిచేసి వాడుకోవాలి. పొట్లం మూల మూత అంచుకింద ఇరుక్కోకుండా చూడాలి. తేమను ఆపడానికి పెట్టిన పొట్లమే నీటికి దారి ఇచ్చిన హౌసింగ్‌లు నా బల్లమీదికి వస్తూనే ఉంటాయి.

లక్షణం: దిగిన కాసేపటికే అడుగున నీరు

ఇది లీకే. ఇక్కడ అందరూ చూశామని చెప్పి నిజానికి చూడనిది మూత చుట్టూ ఉండే ఆ రింగు, అంటే పెద్ద ఓ-రింగ్. చూడడం అంటే పైనుంచి ఒక చూపు విసరడం కాదు. రింగును గాడిలోంచి బయటికి తీయాలి. అందుకు ఏటీఎం కార్డు మూల చాలు, గుండుసూది, చాకు మొన దాని దరిదాపులకు రాకూడదు. తీసిన రింగును రెండు వేళ్ల మధ్య మెల్లగా జార్చుతూ పోతే కంటికి కనపడని ఇసుక రేణువు వేలికి తగులుతుంది. తరువాత గాడిని, మూతలో రింగు ఆనుకునే నున్నటి అంచును, పక్కనుంచి పడే వెలుతురులో చూడాలి. తలవెంట్రుక, తువ్వాలు నూగు అలా అయితేనే కనిపిస్తాయి. రింగు మార్చినవారు కూడా చాలామంది ఆ అంచును తుడవరు. కళ్లద్దాలు తుడిచే మెత్తని గుడ్డ దీనికి సరిపోతుంది, దూది మాత్రం పనికిరాదు, అదే నూగు విడుస్తుంది.

గ్రీజు నీటిని ఆపదు, నీటిని ఆపేది రింగే. రింగు గాడిలో మెలితిరగకుండా జారడానికి మాత్రమే గ్రీజు. అప్పడాల పీటకు నూనె రాసినంత పలుచగా, మెరుపు కనిపించేంత చాలు. ముద్దగా పూస్తే ఇసుకను పిలిచి కూర్చోబెట్టుకున్నట్టే. హౌసింగ్‌తో వచ్చిన గ్రీజునే వాడాలి, ఎందుకంటే నైట్రైల్ రబ్బరు రింగుకు సరిపడే సిలికాన్ గ్రీజు కొన్ని సిలికాన్ రింగులను ఉబ్బేలా చేస్తుంది. వాజలిన్, కొబ్బరినూనె రెండూ వద్దు.

"మోకాలి లోతు దాటలేదండీ, అయినా నీరు వచ్చింది" అని ఆశ్చర్యపోయేవారు ఒక సంగతి గ్రహించాలి. లోతుకు వెళ్లేకొద్దీ ప్రతి 10 మీటర్లకు దాదాపు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరిగి, ఆ ఒత్తిడే మూతను రింగు మీదికి గట్టిగా అదుముతుంది. మోకాలి లోతులో ఆ సాయం ఉండదు, పైగా గోపాలపూర్ అలలు పక్కనుంచి కొడతాయి. రింగు మీద ఇసుక ఉంటే నీరు చొరబడేది ఎక్కువగా ఆ మొదటి మీటరు రెండు మీటర్లలోనే.

లక్షణం: రింగు శుభ్రంగానే ఉంది, బకెట్టు పరీక్షలో పొడిగానే ఉంది, సముద్రంలో మాత్రం నాలుగు చుక్కలు

నన్ను ఎక్కువసార్లు తిప్పలు పెట్టినది ఇదే కనుక దీన్ని తీరిగ్గా చెబుతాను. కెమెరా లేకుండా లోపల టిష్యూ కాగితం పెట్టి, హౌసింగ్‌ను బకెట్టు నీటిలో అరగంట ముంచి తీస్తే కాగితం పొడిగా ఉంటుంది. నమ్మకంతో కెమెరా పెట్టి సముద్రంలో దిగితే, బయటికి వచ్చేసరికి అడుగున నాలుగైదు చుక్కలు. రింగు మారుస్తారు, మళ్లీ అవే చుక్కలు. పెద్ద రింగు పక్కనుంచి నీరు దిగిన జాడ ఎక్కడా ఉండదు, కాని జాగ్రత్తగా చూస్తే ఒక బటన్ కింద లోపలి గోడ మీద ఎండిన ఉప్పు గీత సన్నగా కనిపిస్తుంది. షట్టర్ బటన్ దగ్గరే ఈ గీత ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే ఎక్కువగా నొక్కేది దాన్నే.

ప్రతి బటన్‌కు హౌసింగ్ గోడ గుండా లోపలికి వెళ్లే సన్నటి లోహపు షాఫ్టు ఉంటుంది, దాని చుట్టూ మిరియపు గింజకంటే పెద్దదేమీ కాని చిన్న ఓ-రింగ్ ఉంటుంది. బటన్ కదలకుండా ఉన్నంతసేపు ఆ రింగు తన చోట కూర్చుని నీటిని ఆపుతుంది. షాఫ్టు మీద ఉప్పు స్ఫటికమో, గట్టి సున్నపు పొరో పట్టి ఉంటే, బటన్ నొక్కిన క్షణంలో అది రింగు కిందికి జారి, రింగును వెంట్రుకవాసి ఎత్తి పడుతుంది. ఒక్కొక్క నొక్కుకు ఒక్కొక్క తడి. బకెట్టులో ముంచినప్పుడు ఎవరూ బటన్లు నొక్కరు కనుక ఆ పరీక్ష ఎప్పుడూ నెగ్గుతుంది. నా మటుకు, బటన్లు నొక్కకుండా చేసిన బకెట్టు పరీక్షను పరీక్షగా లెక్కపెట్టను.

ఇంకొక గుర్తు కూడా ఉంది. 4 మిల్లీమీటర్ల మందం గల షాఫ్టు మీద 10 మీటర్ల లోతున నీరు వేసే బరువు సుమారు 125 గ్రాములు. స్ప్రింగు దాన్ని తేలికగా ఎదిరించి బటన్‌ను వెనక్కి నెడుతుంది. ఐదారు మీటర్ల లోతులోనే బటన్ లోపల ఉండిపోయి, పైకి వచ్చాక టక్కుమని బయటికి వస్తే, స్ప్రింగు పోయిందనుకోవడానికి ముందు షాఫ్టు మీద పొరను అనుమానించాలి. అనుమతించిన లోతు దాటితే మంచి హౌసింగ్‌లో కూడా బటన్లు వాటంతట అవే నొక్కుకుంటాయి, అది వేరే సంగతి.

అయితే ఈ పొర ఎక్కడినుంచి వచ్చింది? సముద్రం నుంచే అని అందరూ అనుకుంటారు. "మంచినీళ్లతోనే కడిగానండీ" అనేవారి హౌసింగ్‌లలోనే ఇది ముదిరి ఉండడం చూసి, ఏ నీళ్లు అని అడగడం మొదలుపెట్టాను. లాడ్జి కుళాయి నీళ్లు, ఇంటి బోరు నీళ్లు అనే జవాబు వచ్చింది. తీరానికి దగ్గరి బోర్లలో చాలాచోట్ల ఉప్పదనం ఉంటుంది, లోపలి ఊళ్ల బోర్లలో సున్నపు కాఠిన్యం ఉంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి గారే దానికి సాక్ష్యం. సముద్రపు ఉప్పు మంచినీటిలో మళ్లీ కరిగిపోతుంది. బోరు నీరు ఎండి వదిలిన సున్నపు గార మాత్రం నీటిలో కరగదు. కడిగిన ప్రతిసారీ షాఫ్టు మీద మరొక పొర చేరుతుంది. శ్రద్ధగా కడిగేవారికే ఈ బాధ ఎక్కువగా ఉండడంలోని రహస్యం ఇదే.

మీ నీటి సంగతి తేల్చుకోవడానికి సామగ్రి ఏమీ అక్కరలేదు. శుభ్రమైన గాజు పలక మీద ఒక పక్క బోరు నీటి చుక్క, మరొక పక్క ఆర్వో నీటి చుక్క వేసి ఎండనివ్వండి. బోరు చుక్క చోట అంచు మందంగా తెల్లటి వలయం మిగిలి, గోటితో గీకితే పొడి రాలితే, ఆ నీరు హౌసింగ్‌కు పనికిరాదు. ఆ వలయమే షాఫ్టు చుట్టూ కూడా ఏర్పడుతోంది.

పరిష్కారం రెండు మెట్లలో ఉంటుంది. పొర కొత్తగా పట్టిన ఉప్పే అయితే, హౌసింగ్‌ను ఖాళీగా మూసి, గోరువెచ్చని ఆర్వో నీటిలో లేదా గాజు పలక పరీక్షలో గీత మిగల్చని నీటిలో గంటసేపు నానబెట్టి, మధ్యమధ్య ప్రతి బటన్‌ను ఇరవై ముప్పై సార్లు నొక్కి, తిరిగే చక్రాలను రెండు వైపులా తిప్పి, నీరు మార్చి మళ్లీ అదే చేయాలి. కుళాయి ధార కింద పట్టుకుని తిప్పడం కడగడం కాదు, షాఫ్టు పక్కనున్న సందులోకి ధార వెళ్లదు. గార ముదిరి, బటన్ బరుగ్గా కదులుతుంటే, పాలీకార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్ హౌసింగ్ అయితే తెల్ల వెనిగర్‌ను సమానంగా నీటితో కలిపి, అందులో ఇరవై నిమిషాలు ఉంచి బటన్లు నొక్కి, వెంటనే మంచినీటితో రెండు మూడుసార్లు కడగవచ్చు. అల్యూమినియం హౌసింగ్‌కు ఈ వైద్యం వద్దు, పులుపు దాని పూతను తింటుంది. ఏ హౌసింగ్‌కైనా థిన్నరు, పెట్రోలు, స్పిరిట్ తగలనివ్వకూడదు. పాలీకార్బనేట్ వాటికి సన్నటి పగుళ్లు పట్టి, ఆ తరువాత ఒత్తిడిలో చీలుతుంది.

అప్పటికీ చుక్కలు ఆగకపోతే చిన్న రింగు గీసుకుపోయిందని అర్థం, దాన్ని మార్చాలి. షాఫ్టును లోపలివైపు ఈ-క్లిప్ అనే చిన్న లోహపు క్లిప్ పట్టి ఉంచుతుంది. దాన్ని ఊడదీసేటప్పుడు హౌసింగ్‌ను, చేతులను, స్క్రూడ్రైవర్‌ను ఒక పెద్ద పారదర్శకమైన పాలిథిన్ సంచిలో ఉంచి చేయండి, లేకపోతే క్లిప్ ఎగిరి గది ఏ మూలకు పోయిందో దొరకదు. స్ప్రింగును, రింగును తీసి, షాఫ్టును, రంధ్రాన్ని తుడిచి, అదే కొలత రింగును పలుచని గ్రీజుతో వేయాలి. రింగు లోపలి వ్యాసం, మందం రెండూ సరిపోవాలి, చూడడానికి అలాగే ఉందని ప్లంబింగ్ షాపు రింగు వేస్తే పది నొక్కులకే మెలిపడుతుంది. చేతికి అలవాటు లేనివారు ఈ భాగాన్ని మెకానిక్‌కు వదలడం మేలు.

ఇది మళ్లీ రాకుండా చేయవలసిందల్లా హౌసింగ్‌ను నీటిలోంచి తీశాక ఎండనివ్వకపోవడం. గోపాలపూర్ నుంచి బరంపురం సుమారు 15 కిలోమీటర్లు. ఆ దారిలో బండి డిక్కీలో ఎండిపోయిన ఉప్పు ఇంటికి చేరేసరికి స్ఫటికాలై ఉంటుంది. తడి తువ్వాలులో చుట్టి, ఆ పైన పాలిథిన్ సంచిలో పెట్టి తెచ్చుకోండి. మంచినీరు వెంట లేకపోతే సముద్రపు నీటిలోనైనా తడిగా ఉంచడమే నయం, తడిలో స్ఫటికం కట్టదు.

మిగిలిన కారణాలు

హౌసింగ్ గోడ పగలడం, మూత వంగిపోవడం, తయారీలోనే లోపం రావడం కూడా ఉంటాయి, కాని చాలా అరుదు. పగులు కంటికి కనిపిస్తుంది, వంగిన మూతకు కొక్కెం ఒక పక్క వదులుగా పడుతుంది, ఆ రెండూ లేకపోతే వాటి గురించి ఆలోచించనక్కరలేదు. పాత గోప్రో కేసులను సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు వెనుక తలుపు చిల్లులున్న రకమేమో చూసుకోవాలి. మాటలు బాగా వినపడడానికి ఇచ్చిన ఆ తలుపు నీటికి పనికిరాదు. నెలల తరబడి కొక్కెం బిగించి దాచిన హౌసింగ్‌లో పెద్ద రింగు చప్పబడిపోతుంది, దాచేటప్పుడు కొక్కెం వదిలి ఉంచితే సరిపోతుంది.

నీరు నిజంగా ఎక్కువగానే వచ్చేస్తే, హౌసింగ్ ముందువైపు అద్దం కిందికి ఉండేలా పట్టుకుని పైకి రండి, నీరు కెమెరా వెనుక భాగానికి దూరంగా అద్దం దగ్గర నిలుస్తుంది. పనిచేస్తుందా అని పవర్ బటన్ నొక్కి చూడవద్దు. చేతులు, తల తుడుచుకున్నాకనే మూత తెరిచి, బ్యాటరీని, కార్డును తీసేయండి. ఉప్పునీరు తగిలిన లిథియం బ్యాటరీ వేడెక్కవచ్చు. దాన్ని మళ్లీ ఛార్జింగ్‌కు పెట్టకుండా, కెమెరా బ్యాగులో వేయకుండా, మండే వస్తువులకు దూరంగా ఆరుబయట ఉంచి, కెమెరాను ఆ రోజే మరమ్మతుకు ఇవ్వండి. బియ్యం డబ్బాలో పెట్టిన కెమెరాలో నీరు ఆరుతుందేమో గాని ఉప్పు అలాగే ఉంటుంది.